తుంగలంక వేలిముద్రలు

1930 ఫిబ్రవరి 27, గురువారం

ఈ పాత అటెండెన్స్ రిజిస్టరులో వెనక పేజీలు ఖాళీగా ఉన్నాయి. స్కూళ్ళ ఇన్‌స్పెక్టరు వచ్చినా చూసేది ముందు పేజీలే. అందుకని వెనక నుంచి రాస్తున్నాను. మనుషులతో చెప్పుకునే రోజులు కావివి.

మా తమ్ముడు పాపారావుని మొన్న మంగళవారం పోలీసులు ఏలూరు పట్టుకుపోయారు. ఆదివారం రాత్రి గుళ్ళో ఇత్తడి గంట దొంగిలించాడట. ఆ గంట వాడి గుడిసె చూరులో దొరికిందట. వెతకడానికి వచ్చినవాడు తిన్నగా ఆ చూరులోనే చెయ్యి పెట్టాడు. కుండలు చూడలేదు, గాదె చూడలేదు. ఎక్కడ చెయ్యి పెట్టాలో దాచినవాడికి కాక ఇంకెవరికి తెలుస్తుంది?

అసలు సంగతి మా తుంగలంక అంతా ఎరుగును. వాడు క్రిస్మస్‌కి బాప్తిస్మం తీసుకున్నాడు. ఆదివారం ముత్యాలమ్మ జాతరకి డప్పు కొట్టనన్నాడు. మా తాత కొట్టాడు, నాన్న కొట్టాడు, వీడి డప్పు లేచాకే గుడి దగ్గర అమ్మవారి గరగ కుండ లేచేది. మునసబు కోదండరామయ్య గారు కబురు మీద కబురు పెట్టారు. వీడు రానంటే రానన్నాడు. ఏం జరుగుతుందోనని ఆ రాత్రి మా పేట వాళ్ళం బడి పాకలో చేరి తెల్లవార్లూ ప్రార్థన చేసుకున్నాం. నేనూ తమ్ముడూ కాక ముప్ఫై మంది. వాడు నా పక్కనే కూర్చున్నాడు, కాలు కూడా కదపలేదు. మంగళవారానికి దొంగయ్యాడు.

ఆ రాత్రి గుడిసెలు ఖాళీగా ఉంటాయని మునసబు మనుషులకి ఎవరు చెప్పారు? తెల్లవార్లూ ప్రార్థన పెట్టుకుందామని మొదట అన్నది ఎవరు? కృపావరం గారు. పేటలో ప్రార్థనలు నడిపే మా ఉపదేశి. తాడేపల్లిగూడెం వైపు నుంచి వచ్చి రెండు నెలలు కాలేదు. వచ్చిన దగ్గర్నుంచీ అందరి పేర్లూ, తండ్రుల పేర్లూ ఒక నోట్‌బుక్‌లో రాసుకుంటూనే ఉన్నారు.

ఫిబ్రవరి 28

ఇవాళ కృపావరం గారు మునసబు గారి వాకిట్లో నిలబడి మాట్లాడారు. మా పిల్లలు పదమూడో ఎక్కం నుంచి పదహారో ఎక్కం దాకా చదివేటంత సేపు.

మార్చి 3, సోమవారం

బడికి సెలవు పెట్టి, లంక చుట్టూ నీళ్ళే గనక దోనె మీద గట్టుకి చేరి, అక్కణ్ణించి నడిచి ఏలూరు వెళ్ళాను. సబ్ జైల్లో తమ్ముణ్ణి చూడనిచ్చారు. చిక్కిపోయాడు. నన్ను చూడగానే వాడు అడిగిందేమిటయ్యా అంటే, డప్పుని ఎలకలు కొట్టకుండా దూలానికి వేలాడదీశావా అని. కొట్టనన్నందుకే గదా జైల్లో ఉన్నావు, ఇంకా దాని మీద బెంగేమిటి అన్నాను. డప్పు ఏం పాపం చేసింది, అమ్మవారి ముందు కొట్టనన్నానుగాని పాడైపోనిమ్మన్నానా అన్నాడు. నాకు ఏడుపొచ్చింది. జవాను చూస్తున్నాడని ఆపుకున్నాను.

కృపావరం గారు అప్పటికే రెండుసార్లు వచ్చి వెళ్ళారట. ఆ రాత్రి ఎక్కడెక్కడ ఉన్నావు, పక్కన ఎవరున్నారు, అని అడిగి రాసుకున్నారట. ఎందుకు రాసుకున్నారని నువ్వడగలేదా అన్నాను. ఆయన మంచివాడు అక్కా అన్నాడు. వీడికి మంచివాడు కానిదెవరు! ఆ గంట చూరులో పెట్టినవాడు వచ్చినా లేచి దండం పెడతాడు.

కేసు ఏప్రిల్ మూడో తారీకుకి వేశారు. ఆరు నెలలు పడొచ్చునని జవాను అన్నాడు.

మార్చి 9, ఆదివారం

ఏలూరు నుంచి పాస్టరు గారు వచ్చి ఒక సర్క్యులర్ చదివారు. రష్యాలో దేవుణ్ణి నమ్ముకున్న వాళ్ళని జైళ్ళలో పెడుతున్నారట, మంచుదేశాలకి తోలేస్తున్నారట. వచ్చే ఆదివారం చాలా దేశాల్లో ఒక్కరోజే వాళ్ళకోసం ప్రార్థన. లండన్‌లో ఒక కమిటీ మహజరు తయారుచేసిందట. దానిమీద అన్ని దేశాల వాళ్ళూ సంతకాలు చేస్తే, జెనీవాలో నానాజాతి సమితి ముందు పెడతారట. నమ్మకం కోసం ఏ మనిషినీ ఎక్కడా బంధించకూడదని ప్రపంచమంతా కలిసి అడగాలట.

నేను లేచి, మా తమ్ముడి సంగతి కూడా ఆ కాగితంలో రాయమన్నాను. పాస్టరు గారు కళ్ళజోడు తుడుచుకుని, అది దొంగతనం కేసు గదండీ, మతం కేసని కోర్టులో ఎక్కడా లేదు గదండీ అన్నారు. రష్యాలో మాత్రం దేవుణ్ణి నమ్మాడు కాబట్టి అని రాసి పట్టుకెళతారా? అక్కడా ఎవడి చూరులోనో ఏదో దొరుకుతుంది. ఈ మాట పైకి అనలేదు. బడి జీతం మిషనుది.

కృపావరం గారు తల వంచుకుని కూర్చున్నారు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, ఆయన చెయ్యి జేబులో నోట్‌బుక్ మీదకి పోయింది.

మార్చి 16, ఆదివారం

సంతకాల పని అయింది. కాగితం మీద మిషను దొర గారి సీలుంది, తెలుగులో అచ్చు వేశారు, ప్రతి ముక్కా నేనే బిగ్గరగా చదివాను. అందులో మోసం లేదు. ముందు నేను సంతకం పెట్టాను. మిగతా ముప్ఫై మందివీ వేలిముద్రలే. దొర గారి ఇంక్ ప్యాడ్ మెత్తగా ఉంది. ముసలివాళ్ళ వేళ్ళు నేనే పట్టుకుని నిలిపి వేయించాను. అచ్చమ్మ పిన్ని వేలిమీద గీతలన్నీ, వరి కోసినప్పటి కొడవలి గాటుతో సహా, కాగితం మీద కనబడ్డాయి.

రష్యా ఎక్కడుందని పిన్ని అడిగింది. చాలా దూరమన్నాను. ఏలూరు కంటేనా అంది.

ముక్కూ మొహం తెలియనివాళ్ళ కోసం ఇంత శ్రద్ధగా వేశారు మా వాళ్ళు. సంతోషమే. మా తమ్ముడి కోసం మాత్రం ఒక్క కాగితం లేదు.

మార్చి 18

హెడ్ కానిస్టేబులు బడికి వచ్చాడు. అసలే ఉప్పు తయారుచేస్తామని కాంగ్రెసు వాళ్ళు బయల్దేరారని ఎక్కడ చూసినా అదే గొడవ. ఇప్పుడు రష్యా కాగితం మీద వేలిముద్రలు పడ్డాయని ఎవడో చెవిలో వేశాడు. రష్యా అనేసరికి బోల్షెవిక్కులు మా లంకలోకి దోనె దిగారనుకున్నాడు కాబోలు. బ్లాక్ బోర్డు వెనక కూడా చూశాడు.

కృపావరం గారు వచ్చి, బోల్షెవిక్కులు జైల్లో పెట్టిన వాళ్ళ కోసమే మా ప్రార్థనండీ అని నెమ్మదిగా చెప్పారు. అతను బుర్ర గోక్కుని, మజ్జిగ తాగి వెళ్ళిపోయాడు. అంతే. పాపారావుని రెక్కలు విరిచి తీసుకెళ్ళిన మనిషి, ఈయన ఒక్కమాట చెబితే వెళ్ళిపోయాడు! పోలీసుకి ఈయన మాట మీద అంత నమ్మకం ఎక్కణ్ణించి వచ్చింది?

మార్చి 22, శనివారం. తాడేపల్లిగూడెం

పిన్ని కూతురు పుష్పమ్మ ఇంటికి వచ్చాను. దానికి ఒంట్లో బాగాలేదని విని చూడ్డానికి వచ్చానని చెప్పాను. తాటిచెట్టు ఎందుకెక్కావంటే దూడగడ్డికి అన్నట్టుంది, దానికి నిక్షేపంలా ఉంది.

పుష్పమ్మ చెప్పింది ఇది. కృపావరం గారు మొదట్లో అత్తిలి దగ్గర ఒక పల్లెలో ఉండేవారు. రెండేళ్ళ కిందట మూడు నెలలు మనిషి జాడ లేదు. తిరిగొచ్చేసరికి తల గొరిగి ఉంది. ఎక్కడికెళ్ళారో ఆయన చెప్పలేదు, వీళ్ళు అడగలేదు.

తల గొరిగేది తిరుపతిలో, జైల్లో. ఈయన తిరుపతి వెళ్ళడు. మరి జైలుకెళ్ళి వచ్చినవాడిని హెడ్ కానిస్టేబులు మజ్జిగ తాగి వదిలేస్తాడా? పోలీసులకి ఏదో రాసిచ్చి బయటపడ్డాడు. ఇప్పుడు వాళ్ళ పనే చేస్తున్నాడు. తమ్ముడి పేరు, ఆ రాత్రి ఎవరెవరున్నారు, అన్నీ ఆ నోట్‌బుక్‌లో ఉన్నాయి. నా తమ్ముణ్ణి వాళ్ళ నోట్లో పెడతాడు.

మార్చి 25, మంగళవారం. పొద్దున

అచ్చమ్మ పిన్ని నీళ్ళకి వచ్చి చెప్పింది. ఇంకో కాగితం తయారైందట. దీనికి దొర గారి సీలు లేదు, తెలుగు లేదు. అంతా ఇంగ్లీషు టైపు. కృపావరం గారు గుడిసె గుడిసెకీ వెళ్ళి, జాతర రాత్రి పాపారావు ఎక్కడున్నాడో చెప్పమన్నారట. మాతోనే పాకలో ఉన్నాడని అందరూ చెప్పారట. రేపు పొలాలకి వెళ్ళేముందు వచ్చి వేలిముద్రలు వేయించుకుంటారట.

అందులో ఏం రాశారని అడిగారా అన్నాను. మీరు చెప్పిందే రాశాను, ఇది మన మంచికే, మునసబు గారికి పొక్కితే చెడిపోతుంది కాబట్టి ఇంతకంటే అడగొద్దు అన్నారట. ఆ తర్వాత పిన్ని గొంతు తగ్గించి అసలు మాట చెప్పింది.

“ముఖ్యంగా పంతులమ్మకి చెప్పొద్దన్నాడే అమ్మాయ్.”

పంతులమ్మంటే నేను. పేటలో ఇంగ్లీషు అక్షరం ముక్క వచ్చినదాన్ని నేనొక్కదాన్నే. నాకే చెప్పొద్దన్నాడు!

మా నాన్న చెప్పింది ఒకటి, కరణం రాసింది ఒకటి. వేలు కాగితం మీద పెట్టిన నాడు మా అరెకరం పోయింది. ఆ తర్వాతే పేటలో పెద్దవాళ్ళు ఒక పద్ధతి పెట్టుకున్నారు. కాగితం సంగతి తెలియకపోతే వేలు జార్చు. ఆనించగానే కొంచెం పక్కకి లాగితే చాలు, గీతలన్నీ అలుక్కుపోతాయి. వేసినట్టూ ఉంటుంది, వెయ్యనట్టూ ఉంటుంది. కాదని చెప్పడానికి లేనివాళ్ళకి ఇదే గతి. మా పిల్లలకి అ ఆల కంటే ముందు ఇది వస్తుంది.

గుడిసె గుడిసెకీ వెళ్ళి చెప్పాను. అందరూ వేలు జార్చండి. ఒక్కటీ నిలవకూడదు. ఆయనకి తెలియకూడదు.

మార్చి 26

ముప్ఫైకి ముప్ఫై జార్చారు. తమ్ముడి మీద ఎవడూ దొంగ సాక్ష్యం పుట్టించలేడు. ఇవాళ అన్నం తినబుద్ధేసింది.

ఏప్రిల్ 3, గురువారం. ఏలూరు

ఎలా రాయను.

నిన్ననే టీచర్ల మీటింగుకి వచ్చాను కాబట్టి కోర్టుకి అందుకున్నాను. పేట వాళ్ళు ఒక్కరూ రాలేదు. రాలేరు. మునసబు గారు చేపల వేటని చెప్పి లంకలో దోనెలన్నీ తెల్లవారుజామునే తోలించేశారట. నీరు తగ్గి బురద మిగిలింది, నడిస్తే నడుం దాకా దిగబడుతుంది. ఇలా చేస్తారని, తమ్ముడి కోసం కృపావరం గారు కుదిర్చిన ప్లీడరు శ్రీనివాసరావు గారికి ముందే తెలుసు. అందుకే మనుషులు రాకపోయినా కాగితమైనా రావాలని రాయించారు. ముందు రోజే ఏలూరు చేరిన కృపావరం గారు ఆ కాగితం తీసి ఆయన చేతికిచ్చారు.

అందులో ఉన్నది ఇది. ఫిబ్రవరి ఇరవై మూడు రాత్రి చీకటి పడ్డప్పటి నుంచి తెల్లవారేదాకా పాపారావు బడి పాకలో మా మధ్యనే ఉన్నాడు. డప్పు కొట్టనన్నందుకే ఈ కేసు. కింద ముప్ఫై పేర్లు, తండ్రుల పేర్లు. నోట్‌బుక్ దీనికి. నాకు చెప్పొద్దన్నదీ దీనికే. ముద్దాయి అక్క చెయ్యి పడితే, ఇదంతా అక్క కట్టిన కథ అని అవతలివాళ్ళు అంటారని శ్రీనివాసరావు గారే గట్టిగా చెప్పారట.

మేజిస్ట్రేటు కాగితాన్ని కిటికీ దగ్గర పెట్టుకుని చూశాడు. బల్లమీద పెట్టి చూశాడు. తర్వాత అందరికీ వినబడేలా అన్నాడు.

“ముప్ఫైలో ఒక్కదానికీ గీత లేదు. ఎవడో ఒకడు తన వేలే ముప్ఫైసార్లు రుద్ది తెచ్చినట్టుంది.”

నిజం చెప్పిన కాగితం దొంగ కాగితమయింది. దాంతో వాడి మాట కూడా దొంగ మాటయింది. నేను లేచి, నా పక్కనే ఉన్నాడండీ అన్నాను. మీరెవరు అన్నాడు మేజిస్ట్రేటు. అక్కనన్నాను. కూర్చోమన్నాడు.

ఆరు నెలలు. రాజమండ్రి జైలు.

తమ్ముడు వెళుతూ నా వైపు చూసి నవ్వాడు. రష్యా వాళ్ళ సంగతి ఏమైనా తెలిసిందా అక్కా అని అడిగాడు. వాళ్ళ కోసం రోజూ ప్రార్థన చేస్తున్నాడట.

ఏప్రిల్ 4

శ్రీనివాసరావు గారు చెప్పారు. రెండేళ్ళ కిందట అత్తిలి దగ్గర కృపావరం గారి మీద ఇలాంటి కేసే పెట్టారు. ఆయనకోసం ఎవరూ కాగితం పెట్టలేదు. మూడు నెలలు శిక్ష అనుభవించి వచ్చారు. అందుకే ఈ కాగితం కోసం తన ఇంటికి పదకొండుసార్లు నడిచొచ్చారని చెప్పారు.

మునసబు గారి వాకిట్లో అంతసేపు నిలబడింది కేసు వాపసు తీసుకోమని బతిమాలడానికి.

మరి గుడిసెలు ఖాళీ అని ఎవరు చెప్పారు? ఎవరూ చెప్పలేదు. ముప్ఫై రెండు గొంతులు అంత గట్టిగా పాడితే లంకంతా వినబడింది. ఇంకొకడు వెళ్ళి చెప్పాలా?

ఏప్రిల్ 7, సోమవారం

బడి వదిలాక కృపావరం గారు పాక బయట నిలబడ్డారు. లోపలికి రమ్మంటే రాలేదు.

“తప్పు నాదేనండీ సువార్తమ్మ గారూ. దొర గారి ఇంక్ ప్యాడు తిరిగి పంపించేశాం గదండీ. దీపం మసిలో ఆముదం కలిపి నేనే తయారుచేశాను. ఆముదం ఎక్కువై జారిపోయినట్టుందండీ. మీ తమ్ముణ్ణి నేను చేజేతులా పోగొట్టాను, నన్ను క్షమించండి.”

ఆయన కళ్ళవెంట నీళ్ళు కారుతున్నాయి. నేను పర్వాలేదండీ అన్నాను.

పర్వాలేదండీ అన్నాను! ఎంత మనిషిని నేను. ఛీ.

ఏప్రిల్ 11

ఆయన ఇంటింటికీ వెళ్ళి మసి సంగతి చెప్పి క్షమాపణ అడుగుతున్నారు. ముప్ఫై మందికీ అసలు సంగతి తెలుసు. ఒక్కరూ నా పేరు చెప్పలేదు. పోనిద్దురూ అంటున్నారట. నాతో కూడా ఎవరూ ఏమీ అనలేదు. అచ్చమ్మ పిన్ని నిన్న ఎండుచేపలు తెచ్చి గుమ్మంలో పెట్టి వెళ్ళింది.

నేను ఎవరినీ నమ్మలేదు. వీళ్ళేమో నేను చెప్పానని వేలు జార్చారు, నా కోసం నోరు మూసుకున్నారు. తిట్టినా బాగుండును.

ఏప్రిల్ 18, గుడ్ ఫ్రైడే

ఇవాళ చెప్పేద్దామనుకున్నాను. మూడు గంటల ఆరాధన అయ్యాక ఆయన దాకా వెళ్ళాను. పాక వాసాలు మార్పించాలండీ అని చెప్పి వచ్చేశాను.

ఏప్రిల్ 20, ఈస్టర్

మద్రాసు మిషన్ ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. పాస్టరు గారు నన్నే చదవమన్నారు. మహజరు స్టీమరు మీద లండన్ వెళ్ళిందట, అక్కణ్ణించి జెనీవా. ఈ ప్రాంతం నుంచి వచ్చిన కాగితాలన్నిట్లోకీ తుంగలంక వేలిముద్రలే స్పష్టంగా ఉన్నాయట. ఒక్కొక్క గీతా లెక్కపెట్టేలా ఉందని ఆఫీసులో అందరూ మెచ్చుకున్నారట. ఆ శ్రద్ధకి దేవునికి స్తోత్రమట.

చివరి లైను చదవలేకపోయాను. జలుబు చేసిందన్నాను.

కృపావరం గారు, అప్పీలుకి మే మూడు దాకా గడువుంది, శ్రీనివాసరావు గారు ఇంకో కాగితం తయారుచేశారు, ఈసారి మంచి ప్యాడు తెస్తాను అన్నారు. ఇప్పుడు దాపరికం లేదు, అందరిముందూ చదివి వేయిద్దామన్నారు. నన్ను కూడా రమ్మన్నారు, దూరంగా కూర్చున్నా చాలన్నారు.

ఏప్రిల్ 27, ఆదివారం

కాగితం చదివారు. ప్యాడు తెరిచారు. మొదట అచ్చమ్మ పిన్నిని పిలిచారు. వేలు నల్లగా అద్దుకుని, కాగితం దాకా తీసుకెళ్ళి, ఆగి, అందరి ముందూ నా వైపు తిరిగింది.

“ఈసారి నిలపమంటావా, జార్చమంటావా అమ్మాయ్?”

కృపావరం గారు తలెత్తి నన్ను చూశారు.

నిలపమన్నాను.